54321 నంబరు గుమ్మం

1976 మే 5న అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్ కాగితం మీద ఓ బొమ్మ గీశారు. లోపల ఫోర్‌ట్రాన్‌లో రాసిన లెక్క, చుట్టూ ఒక పొర. బయటి మనిషి ఆ పొరతో మాట్లాడితే చాలు, ఫోర్‌ట్రాన్ జోలికి పోనక్కర్లేదు. 'ఎస్' భాషకు మూలం ఆ ఊహే.

ఆ ఎస్ బాటలోనే న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 'ఆర్' తయారుచేశారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. గణాంకాల వాళ్లకు అది చేతికర్రలా అలవాటైపోయింది. కాకపోతే దానికో మొండిపట్టు: డేటా అంతా ర్యామ్‌లోకి రావాల్సిందే. ఎన్ని కోర్లున్నా మామూలుగా ఒక్కదాంతోనే నెట్టుకొస్తుంది. 2013లో 3.0.0 వచ్చేదాకా ఒక వెక్టర్‌లో 214 కోట్ల 74 లక్షల పైచిలుకు విలువలకు మించి పట్టేవీ కావు.

సరిగ్గా ఆ రోజుల్లోనే శ్రీసతీశ్ అంబటి, క్లిఫ్ క్లిక్ మొదలుపెట్టిన కంపెనీ నుంచి, డేటాను ఆర్‌కు బయట తన దగ్గరే ఉంచుకుని లెక్కచేసే సర్వర్ 'హెచ్‌టూఓ' వచ్చింది. క్లిక్ అంతకుముందు జావా హాట్‌స్పాట్ కంపైలర్ మీద పనిచేసిన మనిషి. కొత్త సర్వర్‌నీ జావాలోనే రాయడంలో వింతేముంది?

ఆర్‌లో హెచ్‌టూఓ ప్యాకేజీ పెట్టుకుని 'ఇనిట్' అని ఆజ్ఞ ఇస్తే, అది ముందు సొంత కంప్యూటర్‌లోనే 54321 నంబరు పోర్టు తలుపు తడుతుంది. పలికేవాళ్లు లేకపోతే తానే జావాను లేపి, అది ఒళ్లు విరుచుకుని లేచేదాకా మళ్లీ మళ్లీ తడుతూ ఉంటుంది. లేచాక ఎంత మెమరీ, ఎన్ని కోర్లు అన్నది తెర మీద చూపిస్తుంది. జావా లేకపోతే కథ అక్కడికే ఆగిపోతుంది. ప్యాకేజీ వెర్షన్, సర్వర్ వెర్షన్ కలవకపోయినా అంతే. కొత్తవాళ్ల సాయంత్రాలు ఎక్కువగా ఇక్కడే కరిగిపోతాయి.

కలిశాక మాటలన్నీ హెచ్‌టీటీపీలోనే. ఫైలును సర్వరే చదువుకుంటుంది, ఆర్ చేతిలో ఉండేది డేటా పేరు మాత్రమే. ధాన్యం గోదాములో, రసీదు జేబులో అన్నమాట. తెలియక డేటా మొత్తాన్ని ఆర్ డేటాఫ్రేమ్‌గా మార్చమంటే, గోదాము బస్తాలన్నీ తెచ్చి ఇంటి వసారాలో దింపించుకున్నట్టే. ర్యామ్ తక్కువున్న ల్యాప్‌టాప్ అక్కడే చతికిలబడుతుంది. మొదటి పది వరుసలు చూపించమంటే మాత్రం గుప్పెడు గింజలే వస్తాయి.

ఛాంబర్స్ బొమ్మలో లోపల ఫోర్‌ట్రాన్ ఉంటే ఇక్కడ జావా ఉంది. తేడా ఏమిటంటే ఈ లోపలిది వేరే ప్రాసెస్, దాని ఆయుష్షు దానిదే. దాన్ని ఆపేశాక ఆర్‌లో పాత పేరు అలాగే కనిపిస్తుంది. పిలిస్తే మాత్రం ఎర్రర్ వస్తుంది.