సూర్యాస్తమయం తరువాత సౌర విద్యుత్తు: గ్రిడ్ సమతౌల్యంలో బ్యాటరీ నిల్వ కేంద్రాల పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

ధాన్యాన్ని గాదెలో దాచుకున్నట్లు విద్యుత్తును గ్రిడ్‌లో దాచుకొనే వీలు లేదు. ఏ క్షణాన ఎంత వినియోగం ఉంటే ఆ క్షణాన అంత ఉత్పత్తి జరిగి తీరాలి. ఈ రెండింటి మధ్య తూకానికి కొలబద్ద ఫ్రీక్వెన్సీ. మన దేశంలో ఇది 50 హెర్ట్జ్. గ్రిడ్ కోడ్ ప్రకారం 49.90 నుండి 50.05 హెర్ట్జ్ మధ్య నిలకడగా ఉంచవలసిన బాధ్యత లోడ్ డిస్పాచ్ కేంద్రాలపై ఉన్నది. సౌర, పవన విద్యుత్తు వాటా పెరిగే కొద్దీ ఈ బాధ్యత క్లిష్టతరమవుతున్నది. ఈ నేపథ్యంలో బ్యాటరీ నిల్వ కేంద్రాల ప్రాధాన్యం, పనితీరు, పరిమితులపై పాత్రికేయులు, అధికారుల అవగాహన కోసం ఈ వివరాలు అందజేయడమైనది.

సమస్య ఎక్కడ ఉన్నది?

2025 జూన్ నాటికి దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో శిలాజేతర వనరుల వాటా 50 శాతానికి చేరింది. అయితే సౌర విద్యుత్ ఉత్పత్తి మధ్యాహ్నం గరిష్ఠ స్థాయికి చేరి, సాయంత్రానికి శూన్యమవుతుంది. సరిగ్గా అదే వేళకు ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, దుకాణాల వినియోగం పెరుగుతుంది. మధ్యాహ్నం థర్మల్ కేంద్రాలను పూర్తిగా ఆపివేస్తే సాయంత్రానికి తిరిగి అందుకోవడం కష్టం. అందువలన వాటిని సామర్థ్యంలో సుమారు 55 శాతం మేర నడుపుతూ ఉండవలసి వస్తుంది. ఫలితంగా పగటిపూట మిగులు ఏర్పడినప్పుడు సౌర కేంద్రాల ఉత్పత్తిని తగ్గించవలసి వస్తున్నది. రాత్రి ఎనిమిది గంటలకు అదే రాష్ట్రం అధిక ధరకు విద్యుత్తు కొనుగోలు చేయవలసిన పరిస్థితి కూడా తలెత్తుతున్నది. ఈ భారం అంతిమంగా వినియోగదారుల బిల్లుపైనే పడుతుంది.

గ్రిడ్ తూకం తప్పితే కలిగే నష్టం తెలియనిది కాదు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్లు కుప్పకూలి, రెండవ రోజున 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతాలు అంధకారంలో మునిగాయి. దానికి కారణం పునరుత్పాదక విద్యుత్తు కాదు, లైన్లపై మోయలేని భారం. అప్పట్లో దక్షిణాది గ్రిడ్ వేరుగా పనిచేస్తున్నందున తెలుగు ప్రాంతాలు ఆ ప్రభావానికి లోను కాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. అందువలన ఒక ప్రాంతంలో కలిగే లోటు నేడు అందరికీ సంబంధించిన విషయం.

బ్యాటరీ చేసే పని

బ్యాటరీ కేంద్రం మూడు విధాలుగా ఉపకరిస్తుంది. మొదటిది, మధ్యాహ్నపు మిగులును నిల్వ చేసి సాయంత్రం అందించడం. రెండవది, ఒక పెద్ద జనరేటర్ ఆకస్మికంగా నిలిచిపోయినప్పుడు సెకను కంటే తక్కువ వ్యవధిలో స్పందించి ఫ్రీక్వెన్సీని ఆదుకోవడం. మూడవది, రద్దీగా ఉన్న సబ్‌స్టేషన్ల వద్ద ఏర్పాటు చేస్తే ట్రాన్స్‌ఫార్మర్లపై భారం తగ్గించడం.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ దక్షిణ ఆస్ట్రేలియా. 2016 సెప్టెంబరు 28న తుఫానుకు విద్యుత్ టవర్లు కూలి, పలు పవన విద్యుత్ కేంద్రాలు ఉత్పత్తి తగ్గించివేయగా ఆ రాష్ట్రం దాదాపు యావత్తూ చీకటిలో ఉండిపోయింది. అనంతరం హార్న్స్‌డేల్ వద్ద 100 మెగావాట్ల బ్యాటరీ కేంద్రాన్ని నెలకొల్పి 2017 డిసెంబరులో ప్రారంభించారు. అదే నెలలో పొరుగు రాష్ట్రంలోని లాయ్ యాంగ్ బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ నిలిచిపోగా, ఈ బ్యాటరీ తక్షణమే గ్రిడ్‌కు విద్యుత్తు అందించింది. 2020లో దీని సామర్థ్యాన్ని 150 మెగావాట్లకు పెంచారు.

మెగావాట్, మెగావాట్-అవర్ తేడా

వార్తలలో తరచు తారుమారయ్యే అంశమిది. ఒక్కసారిగా ఎంత విద్యుత్తు ఇవ్వగలదో మెగావాట్లలోను, మొత్తం ఎంత నిల్వ ఉన్నదో మెగావాట్-అవర్లలోను తెలుపుతారు. చెరువు తూము వెడల్పు మొదటిదైతే, చెరువులోని నీరు రెండవది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌లో 2024లో సౌర కేంద్రంతో పాటు ప్రారంభమైన బ్యాటరీ సామర్థ్యం 40 మెగావాట్లు, 120 మెగావాట్-అవర్లు. అంటే పూర్తి సామర్థ్యంతో మూడు గంటలు పనిచేస్తుంది. రెండు అంకెలలో ఒక్కటే ప్రకటించినప్పుడు మరొకటి అడిగి తెలుసుకోవడం అవసరం.

తెలుగు రాష్ట్రాల అనుభవం

నిల్వ అనే ఆలోచన మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో సుమారు 100 మెగావాట్ల చొప్పున ఏడు, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు అవసరమైనప్పుడు నీటిని తిరిగి ఎగువకు పంపు చేయగలిగే విధంగా నిర్మించబడ్డాయి. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీతో కూడిన సమీకృత ప్రాజెక్టుకు 2022 మే 17న శంకుస్థాపన జరిగింది. దీర్ఘకాల మన్నికకు, ఎక్కువ గంటల నిల్వకు జల నిల్వ మేలైనది. అనువైన స్థలం, నీరు, ఏళ్ల తరబడి నిర్మాణం దానికి అవసరం. బ్యాటరీని సబ్‌స్టేషన్ ఆవరణలోనే నెలల వ్యవధిలో అమర్చవచ్చును. కనుక ఈ రెండూ పరస్పర పూరకాలు.

విధానాలు, వ్యయం

దేశంలో గ్రిడ్ స్థాయి తొలి బ్యాటరీ కేంద్రం 10 మెగావాట్లతో 2019లో ఢిల్లీలోని రోహిణిలో ప్రారంభమైంది. 2031-32 నాటికి 47.24 గిగావాట్ల బ్యాటరీ నిల్వ అవసరమని 2023లో వెలువడిన జాతీయ విద్యుత్ ప్రణాళిక అంచనా వేసింది. మూలధన వ్యయంలో 40 శాతం వరకు ఆర్థిక సహాయం అందించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2023 సెప్టెంబరు 6న ఆమోదం తెలిపింది. సౌర విద్యుత్ టెండర్లలో స్థాపిత సామర్థ్యంలో 10 శాతానికి రెండు గంటల నిల్వ జోడించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో సూచించింది. 2022లో ఒక టెండరులో మెగావాటుకు నెలకు రూ. 10.83 లక్షలు పలికిన ధర, 2024 మార్చిలో గుజరాత్ టెండరులో రూ. 4.49 లక్షలకు దిగింది.

జాగ్రత్తలు

బ్యాటరీ విద్యుత్తును ఉత్పత్తి చేయదు. నింపి తీసే క్రమంలో సుమారు 15 శాతం నష్టపోతుంది. ఏళ్లు గడిచే కొద్దీ నిల్వ సామర్థ్యం తగ్గుతుంది. భద్రత మరింత ముఖ్యమైనది. అమెరికాలో 2019 ఏప్రిల్‌లో అరిజోనా కేంద్రంలో జరిగిన పేలుడులో అగ్నిమాపక సిబ్బంది తీవ్రంగా గాయపడ్డారు. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ అగ్నిప్రమాదంలో సమీప నివాసులను ఖాళీ చేయించవలసి వచ్చింది. కావున కంటెయినర్ల మధ్య తగినంత దూరం, వాయువులను పసిగట్టే పరికరాలు, స్థానిక అగ్నిమాపక సిబ్బందికి ముందస్తు శిక్షణ స్థల ఎంపిక దశలోనే ఖరారు కావలసి ఉన్నది.

వ్యవసాయ ఫీడర్లకు పగటిపూట సరఫరా వంటి, బ్యాటరీ అవసరం లేని చర్యలు కూడా ఇదే లక్ష్యానికి తోడ్పడతాయి. మిగులు ఏ వేళ ఎంత ఉన్నదో, లోటు ఏ వేళ ఎంత ఉన్నదో లెక్కగట్టి, ఆ మేరకు నిల్వను సమకూర్చుకున్నప్పుడే మధ్యాహ్నపు ఎండ రాత్రి దీపానికి అక్కరకు వస్తుంది.