కర్ణుడి కవచానికి బొందు లేదు

కవచం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది కర్ణుడే. పుట్టుకతో వచ్చిన కవచం కాబట్టి దానికి పట్టీ లేదు, ముడి లేదు. అందుకే ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగితే విప్పి ఇచ్చే వీల్లేక, ఒంటినుంచి కోసి ఇచ్చాడు. మిగతా యోధులంతా కట్టుకోవలసినవాళ్లే. స్కూల్ వార్షికోత్సవానికి మనం కొనే ప్లాస్టిక్ కవచం సంగతీ అంతే. అందం ముందువైపు ఉంటుంది, అసలు పని మాత్రం వెనకాల పట్టీలది.

మొగలుల కాలంలో 'చార్ ఆయినా' అనే కవచం ఉండేది. పారశీకంలో ఆ మాటకు నాలుగు అద్దాలని అర్థం. ఛాతీకి ఒకటి, వీపుకు ఒకటి, పక్కలకు రెండు ఉక్కు పలకలు. పక్క పలకలకు చేయి ఆడేలా చంక దగ్గర వంపు ఉండేది. పలకలను తోలు పట్టీలతో బిగించేవారు. బరువును భుజాలు, ఒళ్లు పంచుకునేవి. మెడ మీద పడేది కాదు.

నాటకంలోకి వచ్చేసరికి ఉక్కు పోయి చెక్క వచ్చింది. మన చిందు యక్షగానంలో కిరీటాలు, భుజకీర్తులు పొణికి చెక్కతో చేస్తారు. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసేదీ ఆ తేలిక చెక్కతోనే. వాటిని తాళ్లతో కట్టుకుంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి వారిలో కుటుంబమే నాటక సమాజం. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో అక్కడ స్త్రీలు వేదికెక్కారు, పిల్లలూ ఎక్కారు. వేషం కట్టేది ఇంటివాళ్లే అయితే, ఎక్కడ బిగిసిందో చెప్పడానికి పిల్లలకు మొహమాటం ఉండదు కదా!

తాడుతో ఒక చిక్కుంది. బిగిస్తే ఊపిరాడదు, వదిలితే జారుతుంది. దాన్ని తీర్చింది రబ్బరు. 1820లో ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ చేతితొడుగులు, మేజోళ్ల వంటివాటికి రబ్బరు సాగుపట్టీలు పెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి రబ్బరు వేడికి జిగురయ్యేది, చలికి బిర్రబిగుసుకునేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేసి ఆ లోపం సరిచేసే దారి కనిపెట్టాడు.

ఇంత చరిత్ర ఉన్నా, బజారు కవచాల్లో చాలావాటికి మెడచుట్టూ ఒక సన్నని ఎలాస్టిక్ దారమే ఉంటుంది. వెనకనుంచి ఎవరైనా లాగితే గొంతుకే బిగుస్తుంది. దాన్ని తీసేయండి. మన జనరల్ బజార్‌లో అంగుళం వెడల్పు ఎలాస్టిక్ తీసుకోండి. రెండు భుజాలనుంచి రెండు పట్టీలు వీపు మీద అడ్డంగా దాటి, ఎదుటి పక్క అంచుకు చేరాలి. అంచుకు కాస్త లోపలగా, కాల్చిన లావు సూదితో గుండ్రని రంధ్రాలు చేయండి. కత్తితో చీరితే ఆ చీలిక మూలనుంచే ప్లాస్టిక్ పగులుతుంది. పొగ పీల్చకుండా కిటికీ దగ్గర కూర్చోండి. లోపలివైపు గుడ్డముక్క వేసి, గట్టి దారంతో కుట్టండి. పక్క అంచుల దగ్గర వెల్‌క్రో పెడితే బాత్రూమ్‌కు వెళ్లాలన్నా పిల్లలే విప్పుకుంటారు.

చివరగా, కవచం తొడిగి చేతులు పైకెత్తి గట్టిగా ఓ డైలాగు చెప్పమనండి. గొంతు హాయిగా పలికితే పట్టీలు కుదిరినట్టే.