పాత బండి – కొత్త బండి: మా రావికమతం దారిలో బరువు బండ్ల కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర నాకు తెలియదు. ముప్పై ఏడేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి కనుక, బరువులు మోసిన బండ్ల గురించి వ్రాస్తున్నాను. ముసలిదైన బండిని బాగు చేయించాలా, తీసేసి కొత్తది కొనాలా అన్న ప్రశ్న మా తాతల నాడూ ఉంది, నేడూ ఉంది. ఆ ప్రశ్నకు ఒకసారి నేనే ఫైలు నడిపాను. దాని సంగతి చివర చెబుతాను.

మా రావికమతం 1985లో మండలాలు వచ్చినప్పుడు మండల కేంద్రమయింది. 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో ఉంది. పేర్లు మారినా ఊరి బ్రతుకు మాత్రం చెరకూ బెల్లమే. నా చిన్నతనంలో బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు ఎడ్ల బండ్ల మీద వెళ్ళేవి. రాత్రి భోజనాలయ్యాక బండ్లన్నీ వరుస కట్టేవి. బండి కింద లాంతరు వ్రేలాడేది. ముందు బండివాడు మేలుకుని ఉంటే చాలు, వెనుకవాళ్ళు కునుకు తీసేవారు.

మా మేనమామగారి బండి ఆయన తండ్రి చేయించినది. దానిని ఎన్నడూ మార్చలేదు. అలాగని అందులో పాతదేదీ మిగలలేదు కూడా! చక్రంలో ఆకు విరిగితే ఆకు, పూటీ చీలితే పూటీ, కాడి అరిగితే కాడి మార్చేవారు. ఇనుప పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోసేవారు. ఇనుము చల్లబడి ముడుచుకుని కొయ్యను బిగపట్టేది. గానుగలు మొదలు కాకముందే వడ్రంగి వచ్చి బండిని ఎత్తి నిలబెట్టి, మొట్టమొదట ఇరుసు చూసేవాడు. "ముందు ఇరుసు సంగతి తేలనీ బాబూ, తక్కినవి తర్వాత" అనేవాడు. అరిగిన పూటీతో బండి కుంటుతూనైనా ఇల్లు చేరుతుంది. ఇరుసు విరిగితే మాత్రం బరువంతా ఎడ్ల మీదో మనిషి మీదో పడుతుంది. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

ఆ తర్వాత టైరు బండ్లు వచ్చాయి. మూలపడిన లారీల, కార్ల చక్రాలు ఎడ్ల బండ్లకు ఎక్కాయి. లారీకి పనికిరాని టైరు బండికి కొత్త టైరుతో సమానం. చెక్క చక్రాల మీద టన్ను బరువుకే రొప్పే ఎడ్ల జత, టైరు బండి మీద ఇంకో అర టన్ను కూడా లాగేది. రోడ్డూ తక్కువ అరిగేది.

లారీల కథ వేరు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో లారీ తయారీ చాలా స్వల్పం. 1948లో మద్రాసులో స్థాపించిన అశోక్ మోటార్స్, 1955లో అశోక్ లేలాండ్ అయింది. జంషెడ్‌పూర్‌లో టాటావారు 1954లో జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. కాని మా వైపు ముసలి డ్రైవర్లు ఆ తర్వాత కూడా చాలాకాలం టాటా బండిని "బెంజి" అనే పిలిచేవారు. లైసెన్సుల రోజులవి. డబ్బున్నా కొత్త బండి వెంటనే దొరికేది కాదు. అందుచేత పాత బండిని బ్రతికించుకోవడమే గతి.

ఆ అవసరంలో నుంచే మన మెకానిక్కులు పుట్టారు. సిలిండరు అరిగితే బోరు చేయించి పెద్ద పిస్టన్ వేయడం, బోరుకు ఇక చోటు లేనప్పుడు స్లీవు దిగగొట్టడం, విరిగిన కమాను పట్టీ మార్చడం, ఛాసిస్ పగిలితే రేకు వేసి అతకడం – ఇవన్నీ పుస్తకాలు చదవకుండా చేతితో నేర్చిన విద్యలు. విజయవాడలో రోడ్ల పక్కన చెల్లాచెదురుగా ఉన్న ఇటువంటి పనివారి కోసం 1966లో ఆటోనగర్ వెలిసింది. పాత లారీకి అక్కడ దొరకని ప్రాణం లేదని పేరు.

ఇప్పుడు నా ఫైలు సంగతి. 1987లో నేను పనిచేసే కార్యాలయానికి ఒక పాత లారీ ఉండేది. వయస్సు ఇరవై దాటింది. లాగ్ బుక్కు చూస్తే తిరిగిన రోజులకంటే షెడ్డులో ఉన్న రోజులే ఎక్కువ. మరమ్మతు అంచనా తెప్పిస్తే, బండి విలువను మించింది. తనిఖీ నివేదికలో రెండు లోపాలు వ్రాశారు. ఒకటి, ఇంజను ఆయిలు తాగుతున్నది. రెండు, బ్రేకు డ్రమ్ములు అరిగిపోయినవి. "మరమ్మతు లాభసాటి కాదు, వేలం వేయవచ్చును" అని నోటు పెట్టినది నేనే. పైవారు సంతకం చేశారు.

వేలంలో ఒక మెకానిక్కు కొన్నాడు. మూడు నెలలకే ఆ లారీ కొత్త రంగుతో, చెరకు లోడుతో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళుతూ నాకు కనిపించింది. సహోద్యోగులు నవ్వారు. "నువ్వు చంపిన బండి బ్రతికింది గురూ!" అన్నారు. నాకూ లోలోపల సంతోషమే. ఏడు సీజన్లు అలా తిరిగింది.

ఎనిమిదో సీజనులో, ఒక సాయంత్రం, పల్లపు దారిలో దానికి బ్రేకు పడలేదు. ముందు వెళుతున్న చెరకు బండిని గుద్దింది. బండివాడు పక్కకు దూకి బ్రతికాడు. జతలో ఒక ఎద్దు అక్కడే పోయింది. నేను వెళ్ళేసరికి ఆ రైతు రెండో ఎద్దు మెడ మీద చేయి వేసి కూర్చుని ఉన్నాడు. నాకు నోట మాట రాలేదు.

తర్వాత తెలిసింది. కొన్నాయన ఇంజను బాగా చేయించాడు, ఎందుకంటే ఇంజను డబ్బు తెస్తుంది. బ్రేకు డ్రమ్ములు "ఈ సీజను కానీ" అంటూ ఏటా వాయిదా వేశాడు. నా ఫైలులో ఆ రెండో లోపం స్పష్టంగా ఉంది. వేలం ప్రకటనలో మాత్రం "ఉన్నది ఉన్నట్లు" అని వ్రాసి ఊరుకున్నాము. నివేదిక నకలు కొన్నవాడి చేతికి ఇవ్వాలని నాకు తోచలేదు. ఇస్తే మార్చేవాడో లేదో గాని, ఇవ్వనిది నేను.

ఇప్పుడు చట్టాలు వేరు. సరుకు బండికి ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. పాత బండ్లను తుక్కు చేసే విధానం 2021లో ప్రకటించారు. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుండి రిజిస్ట్రేషన్ లేదు. వేలంలో పోయి మళ్ళీ రోడ్డెక్కే కథ వాటికి ముగిసింది.

వయస్సు చూసి ఇంటికి పంపడమంటే మన సంఘంలో పెద్దలకు 1983 గుర్తు వస్తుంది. ఒక్క ఉత్తర్వుతో 58ని 55 చేశారు. 1984లో మళ్ళీ 58 అయింది. 1985లో సుప్రీం కోర్టు తీర్పుతో, 58 నిండనివారికి న్యాయం జరిగింది. ఇవాళ మన రాష్ట్రంలో అది 62. అంకె మారినంత మాత్రాన మనిషి సత్తా మారదని మనకు అనుభవమే. బండి విషయంలోనూ నా అభిప్రాయం అదే. వయస్సు ఒక్కటే చాలదు, పరీక్ష కావాలి. అయితే పాతదాన్ని ఉంచుకోదలచినవాడు ముందు ఇరుసు, బ్రేకు చూడాలి. రంగు, ఇంజను ఆ తర్వాత. ఆ ఖర్చు భరించలేనివాడు బండిని వదులుకోవడమే ధర్మం. ఎందుకంటే అది ఆగకపోతే నష్టపోయేది ఎదుట వెళ్ళేవాడు.

ఈ మాట మనకూ వర్తిస్తుంది మిత్రులారా. పళ్ళు కట్టించుకుంటాము, కళ్ళజోడు మార్చుకుంటాము. రక్తపోటు పరీక్ష మాత్రం "పండగ కానీ" అంటాము. దయచేసి అది వాయిదా వేయకండి.