థాయిలాండ్‌లో పొదుపు, ఖర్చు

థాయ్ ప్రజలు డబ్బు దాచుకునే తీరునూ, ఖర్చుపెట్టే తీరునూ బౌద్ధుల దానధర్మాలు, తల్లిదండ్రుల ఋణం తీర్చుకోవాలన్న పట్టింపు, పరువు మర్యాదలు, చైనా నుంచి వలస వచ్చినవారి వ్యాపార బుద్ధి, ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు మార్చుకుంటూ వచ్చిన విధానాలు కలిసి మలిచాయి. థాయ్‌వాళ్లకు పొదుపు చేతకాదన్న విమర్శ బయటివారి నోటే కాదు, ఆ దేశంలోనూ తరచూ వినిపిస్తుంది. 2021లో కుటుంబాల అప్పులు స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటడంతో ఆ విమర్శకు బలం వచ్చింది. అయితే అది సగం నిజమే. బ్యాంకు పాసుపుస్తకంలో కనిపించని పొదుపు అక్కడ చాలా ఉంది. కొంత మెడలో గొలుసుగా ఉంటుంది, కొంత ఇరుగుపొరుగు పెళ్లిళ్లలో ఇచ్చిన కవర్లుగా, కొంత లాటరీ బాండ్లుగా. ఒట్టి నిగ్రహంతో కూడబెట్టమంటే థాయ్‌వాళ్లు పెద్దగా స్పందించలేదు. దానికి ఒక ఆశో, ఒక మొక్కో, నలుగురి ముందు ఇచ్చిన మాటో తోడైనప్పుడు మాత్రం బాగానే దాచారు.

పాతిపెట్టిన నాణేల నుంచి లాటరీ దాకా

థాయిలాండ్‌ను సయాం అన్న పాత రోజుల్లో చిల్లర అంటే గవ్వలు, పెద్ద సొమ్ము అంటే తూటా ఆకారంలో ఉండే వెండి నాణేలు. అంగడి అరుగు కింద రాలిన గవ్వలు ఏరుకోవడం అన్న అర్థం వచ్చే థాయ్ సామెత ఇప్పటికీ వాడుకలో ఉంది. పైసా పైసా కూడబెట్టేవాణ్ని అలా అంటారు. కొద్దిపాటి సొమ్మును పెద్ద పనిలో పోసి పోగొట్టుకుంటే, మిరపకాయ పచ్చడి నూరి ఏట్లో కలిపాడంటారు. ఏట్లో చింతపండు పిసికినట్టు అనే మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పొదుపుగా బతకమని చెప్పే నీతిపద్యాలకూ కొదవ లేదు. 19వ శతాబ్దపు మహాకవి సుంథోన్ ఫూ రచనగా చెలామణిలో ఉన్న స్త్రీనీతి కావ్యంలోని అలాంటి హితవు బడిపిల్లలకు కూడా తెలుసు.

చిత్రమేమిటంటే, సయాం ప్రభుత్వానికి ఒకప్పుడు ఎదురైన చిక్కు జనం మరీ ఎక్కువగా దాచుకోవడం. మూడో రామ రాజు కాలంలో, 1830ల మొదట్లో, వరదలు వచ్చి పంటలు పోయాయి. బియ్యం ధర పెరిగింది. ఖజానా నుంచి ఎన్ని నాణేలు బయటికి వచ్చినా బజారులో మాత్రం డబ్బు ఆడడం లేదు. ప్రజలు నాణేలను నేలలో పాతిపెట్టుకుంటున్నారనీ, చైనాలో ఉన్నట్టు ఒక పందెం పెడితే అవి బయటికొస్తాయనీ హోంగ్ అనే చైనా వర్తకుడు సలహా ఇచ్చాడంటారు. అలా 1835లో ‘హువాయ్’ మొదలైంది. థాయ్ అక్షరాల మీద పందెం కాసే ఆ ఆటలో డబ్బు బయటికి వచ్చింది, ఖజానాకు రాబడీ వచ్చింది. జనానికి మాత్రం ఒక వ్యసనం అంటుకుంది. 1916లో ఆరో రామ రాజు వజిరావుధ్ దాన్ని రద్దు చేసేనాటికి ఎనభై ఏళ్లు గడిచాయి.

ఆ వజిరావుధే పొదుపును ప్రభుత్వ కార్యక్రమంగా మార్చాడు. యువరాజుగా ఉన్న రోజుల్లోనే తన పరివారంలోని కుర్రవాళ్లకు అలవాటు చేయడానికి ఆటగా ఒక చిన్న బ్యాంకు నడిపాడు. 1913 ఏప్రిల్ 1న ఖజానా శాఖ కింద పొదుపు కార్యాలయం తెరిపించాడు. 1947లో అది ప్రభుత్వ పొదుపు బ్యాంకు అయింది. థాయ్‌వాళ్లు దాన్ని ‘ఒమ్‌సిన్’ అంటారు. అక్టోబరు 31న పొదుపు దినోత్సవం నాడు ఈ బ్యాంకు పిల్లలకు కిడ్డీ బ్యాంకులు పంచుతుంది. రకరకాల బొమ్మల ఆకారాల్లో వచ్చే ఆ డబ్బాలను పెద్దవాళ్లు సైతం ఏరికోరి సేకరిస్తారు.

ఒమ్‌సిన్‌కు బాగా పేరు తెచ్చినవాటిలో ముఖ్యమైనది దాని ‘సలాక్’. అది లాటరీ, డిపాజిట్ కలిసిన బాండు. కొన్నవాడికి గడువు తీరాక అసలు తిరిగి వస్తుంది, కొద్దిపాటి వడ్డీ కూడా. ఈలోగా డ్రాలో నంబరు తగిలితే బహుమతి అదనం. 1966లో ఏర్పడిన వ్యవసాయ బ్యాంకు కూడా రైతుల కోసం ఇలాంటి బాండ్లే అమ్ముతుంది. వడ్డీరేటు చూసి బ్యాంకుకు రానివాళ్లు నంబరు చూసి వస్తారని రెండు బ్యాంకులూ గ్రహించాయి.

అసలు లాటరీ సంగతి వేరు. ప్రభుత్వ లాటరీ డ్రా నెలకు రెండుసార్లు, 1, 16 తేదీల్లో. టికెట్ ధర 80 బాత్‌లు, మొదటి బహుమతి 60 లక్షల బాత్‌లు. చివరి రెండంకెలు కలిసినా 2,000 బాత్‌లు వస్తాయి. అమ్మకాల సొమ్ములో 60 శాతం మాత్రమే బహుమతులుగా తిరిగి వెళ్తుంది. లెక్క ప్రకారం చూస్తే నష్టమే అయినా కొనేవాడు లెక్క చూడడు. బ్యాంకాక్‌లో ఫ్రఖనోంగ్ ప్రాంతంలోని మహాబుత్ ఆలయంలో, దయ్యంగా మారిందని చెప్పుకునే మే నాక్ గుడి పక్కన, చెట్టు మానుకు పౌడరు రాసి వేళ్లతో రుద్ది, బెరడు గీతల్లో అంకెలు కనిపిస్తాయేమోనని కళ్లు చికిలించి చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ప్రధానమంత్రి కొత్త కారెక్కితే ఆ నంబరు ఉన్న టికెట్లు మర్నాటికి దొరకవు. దీనికి సమాంతరంగా చాటుమాటు లాటరీ ఒకటి పల్లెపల్లెనా నడుస్తుంది. అందులో కొద్ది బాత్‌లు కూడా కాయవచ్చు, అరువు కూడా దొరుకుతుంది.

పుణ్యం, కవర్లు, పరువు

థాయ్ కుటుంబం ఖర్చుల్లో పుణ్యకార్యాల పద్దు విడిగా ఉంటుంది. తెల్లవారుజామున భిక్షకు వచ్చే భిక్షువు పాత్రలో అన్నం వేయడంతో మొదలై, వర్షావాసం ముగిశాక వచ్చే కథిన్ ఉత్సవంలో ఊరంతా కలిసి గుడికి కానుకలు ఇవ్వడం దాకా అది సాగుతుంది. కథిన్‌లోనూ, అలాంటిదే అయిన ఫా పా ఉత్సవంలోనూ ‘డబ్బు చెట్టు’ కడతారు. సన్నటి వెదురు పుల్లలు చివర చీల్చి, అందులో ఇరవై, యాభై, వంద బాత్‌ల నోట్లు ఇరికించి, గడ్డిమోపులోనో అరటిబోదెలోనో గుచ్చుతారు. పచ్చగా, ఎర్రగా రెపరెపలాడే ఆ చెట్టును డప్పులతో గుడికి మోసుకెళ్తారు. ఆ దానం రహస్యంగా జరిగేది కాదు. ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతారు. అందులో భక్తి ఉంది, పరువు కూడా ఉంది. రెంటినీ విడదీయాలని చూసిన సామాజిక శాస్త్రవేత్తలు పెద్దగా సాధించింది లేదు.

పెళ్లి, సన్యాస దీక్ష, అంత్యక్రియలు, గృహప్రవేశం, దేనికి పిలుపు వచ్చినా కవరుతో వెళ్లాలి. ఇచ్చిన మొత్తం పుస్తకంలో రాసుకుంటారు. రేపు మన ఇంట్లో కార్యం జరిగినప్పుడు అదే మొత్తం, లేదా కొంచెం ఎక్కువ, వెనక్కి రావాలి. ఈ ఖర్చుకు థాయ్‌వాళ్లు పెట్టిన పేరు ‘సామాజిక పన్ను’. వెటకారంగానే అంటారు గానీ, కట్టకుండా తప్పించుకునేవాళ్లు తక్కువ. పెళ్లికి వరుడి తరఫువాళ్లు వధువు తల్లిదండ్రులకు ఇచ్చే ‘సిన్ సోత్’ కూడా నలుగురికీ చూపించేదే. నోట్ల కట్టలూ బంగారమూ పళ్లెంలో పరిచి బంధువుల ఎదుట పెడతారు. చాలా ఇళ్లలో పెళ్లి అయ్యాక ఆ సొమ్ము కొంతో మొత్తమో దంపతులకే తిరిగి ఇస్తారు.

భోజనం బల్ల దగ్గరా ఇదే తీరు. వయసులోనో హోదాలోనో పెద్దవాడే బిల్లు కడతాడు. ఎవరి వాటా వాళ్లు కట్టుకునే పద్ధతిని ‘అమెరికన్ షేర్’ అంటారు. కుర్రకారులో అది ఇప్పుడు మామూలే, కానీ పై అధికారితో కలిసి తిన్నప్పుడు ఎవరూ ఆ ప్రస్తావన తేరు. అంగట్లో పొద్దున్నే వచ్చిన బోణీ నోటును సరుకులన్నింటి మీదా తట్టించే ఆచారం, గల్లాపెట్టె దగ్గర చేయి ఊపుతూ కూర్చునే నాంగ్ క్వాక్ దేవత బొమ్మ చిన్న వ్యాపారుల నమ్మకాలు.

వీటన్నింటికంటే బరువైనది తల్లిదండ్రుల పట్ల బాధ్యత. ఈశాన్యాన ఉన్న ఈసాన్ పల్లెల నుంచి బ్యాంకాక్ వచ్చి ఫ్యాక్టరీలో, హోటల్లో, టాక్సీలో పనిచేసేవాళ్లు జీతం రాగానే ఇంటికి డబ్బు పంపుతారు. ఆ పంపిన దానితోనే అమ్మ ఇల్లు మరమ్మతు అవుతుంది, తమ్ముడి బడి ఫీజు కడతారు. పంపినవాడి ఖాతాలో ఏమీ మిగలకపోవచ్చు. గణాంకాలు అతణ్ని పొదుపు లేనివాడిగా చూపిస్తాయి. అతని లెక్కలో మాత్రం ముసలితనంలో తనను చూసుకునే కుటుంబంలో పెట్టిన పెట్టుబడి అది.

బంగారం, తాకట్టు దుకాణం

బ్యాంకాక్ చైనా పేట యావొరాత్ వీధిలో బంగారు దుకాణాలు వరసగా ఉంటాయి. ఎర్రటి గోడలకు గొలుసులు బరువు ప్రకారం వేలాడుతూ కనిపిస్తాయి. థాయ్ బంగారం స్వచ్ఛత 96.5 శాతం. కొలత కూడా ‘బాత్’ లోనే, అయితే ఇది బరువు. ఒక బాత్ అంటే కడ్డీలో 15.244 గ్రాములు, నగలో 15.16 గ్రాములు. అందులో నాలుగో వంతు సలుంగ్. ధర బంగారు వర్తకుల సంఘం ప్రకటిస్తుంది, కాబట్టి ఏ దుకాణంలోనైనా దాదాపు ఒకటే. అమ్మిన దుకాణమే తిరిగి కొంటుంది కూడా. అందువల్ల గొలుసు కొనడం ఖర్చు కింద రాదు. అది మెడలో వేసుకు తిరిగే డిపాజిట్.

ఆ డిపాజిట్‌ను కదిలించే చోటు తాకట్టు దుకాణం. ప్రైవేటువి కాక, ప్రభుత్వమూ పురపాలక సంఘాలూ నడిపేవి దేశమంతటా ఉన్నాయి. మే నెల మధ్యలో బడులు తెరిచే ముందు ఫీజులు, యూనిఫాంల కోసం తల్లిదండ్రులు నగలు పట్టుకుని వరస కడతారు. ప్రభుత్వ దుకాణాలు ముందుగానే నగదు సిద్ధం చేసుకుని, వడ్డీ కొంత తగ్గిస్తాయి. ఈ వార్త ఏటా పత్రికల్లో వస్తుంది. అక్కడ తాకట్టు పెట్టడం తలవంపుల పనేమీ కాదు.

నలుగురూ కలిసి దాచుకోవడం

మన చిట్టీపాట తెలిసినవారికి థాయ్ ‘చే’ కొత్తగా అనిపించదు. సభ్యులు నెలనెలా తలా ఇంత వేస్తారు. ఎక్కువ వడ్డీ ఇస్తానని చీటీ రాసినవాడు ఆ నెల మొత్తం తీసుకుంటాడు. నడిపే ‘థావ్ చే’ మొదటి పాట వడ్డీ లేకుండా తీసుకుంటాడు, ఎవరైనా ఎగ్గొడితే పూచీ అతనిదే. మార్కెట్లలో కూరగాయలు అమ్మేవాళ్ల నుంచి ఆఫీసు ఉద్యోగుల దాకా ఇది నడుస్తుంది. మోసాలూ అంతే మామూలు. వాటిలో బాగా పేరుమోసింది 1980ల నాటి ‘మే చమోయ్’ కుంభకోణం. చమురు లారీలో వాటా పేరుతో ఒక్కో లారీకి 1,60,500 బాత్‌లు తీసుకుని, నెలకు 6.5 శాతం లాభం ఇస్తానన్న ఆ పథకంలో వేలాది మంది మునిగారు. 1989లో కోర్టు చమోయ్ థిప్యసోకు 1,41,078 ఏళ్ల జైలుశిక్ష వేసింది. చట్టం పరిమితి వల్ల, క్షమాభిక్షల వల్ల ఆమె కొద్ది ఏళ్లలోనే విడుదలైంది. 1991లో వచ్చిన చట్టం ఒక మనిషి మూడు ‘చే’లకు మించి నడపకూడదనీ, అన్నింటిలో కలిపి సభ్యులు 30 మందిని దాటకూడదనీ కట్టడి చేసింది.

గుడి నీడలో నడిచే సంఘాల కథ వేరు. త్రాత్ రాష్ట్రంలో ఫ్రా సుబిన్ అనే భిక్షువు ‘సత్య పొదుపు సంఘాల’ను వ్యాప్తిలోకి తెచ్చాడు. నెలకు ఎంత వేస్తానో సభ్యుడు ముందే మాట ఇవ్వాలి. తర్వాత ఆ మొత్తం తప్పడానికి వీల్లేదు. వచ్చిన వడ్డీలో కొంత సభ్యుల ఆస్పత్రి ఖర్చులకు పోతుంది. ఈ సంఘాలు నిలదొక్కుకోవడానికి భిక్షువు ఎదుట చేసిన ప్రతిజ్ఞే ప్రధాన కారణం.

తృప్తి, అప్పు, ముసలితనం

బుద్ధుడు గృహస్థులకు సంపాదనను నాలుగు పాళ్లు చేసుకోమన్నాడు: ఒకటి అనుభవించడానికి, రెండు వృత్తిలో పెట్టడానికి, ఒకటి కష్టకాలానికి. థాయ్ భిక్షువులు దీనితోపాటు ఉన్నదానితో తృప్తి పడమనీ బోధించేవారు. 1959 నుంచి 1963 దాకా ప్రధానిగా ఉన్న సరిత్ థనరత్ ప్రభుత్వానికి ఆ బోధ అభివృద్ధికి అడ్డుగా తోచింది. తృప్తి గురించి ప్రసంగించవద్దని భిక్షువులకు సూచించింది. మూడున్నర దశాబ్దాల తర్వాత అదే తృప్తి రాజభవనం నుంచి తిరిగి వచ్చింది. 1997 జూలై 2న బాత్ విలువను మార్కెట్‌కు వదిలేశారు. డాలరుకు 25 బాత్‌లుగా ఉన్నది 1998 జనవరికి 50 దాటింది. 56 ఫైనాన్స్ కంపెనీలు మూతపడ్డాయి. బ్యాంకాక్‌లో ‘ఒకప్పటి ధనవంతుల సంత’ పేరిట కార్లూ చేతిగడియారాలూ వచ్చిన ధరకు అమ్ముకున్నారు. 1997 డిసెంబరులో తొమ్మిదో రామ రాజు భూమిబోల్ ‘చాలినంత ఆర్థిక వ్యవస్థ’ గురించి ప్రసంగించాడు. తర్వాత అది ప్రభుత్వ ప్రణాళికల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

అప్పుడే ఉదోన్ థానీ ప్రాంతపు అడవి భిక్షువు లువాంగ్ తా మహా బువా దేశం కోసం దానం చేయమని పిలుపునిచ్చాడు. జనం గొలుసులు, ఉంగరాలు తీసి ఇచ్చారు. ఏళ్ల తరబడి సాగిన ఆ సేకరణలో 12 టన్నులకు పైగా బంగారం కేంద్ర బ్యాంకు నిల్వల్లో చేరింది. కుటుంబాల పొదుపు ఒక్క పుణ్యకార్యంతో దేశపు పొదుపైంది.

పొదుపు పాఠం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 2001లో తక్సిన్ ప్రభుత్వం ఒక్కో ఊరికి పది లక్షల బాత్‌ల రుణనిధి ఇచ్చింది. 2011లో యింగ్లక్ ప్రభుత్వం మొదటి కారు కొనేవారికి లక్ష బాత్‌ల దాకా పన్ను వాపసు చేస్తామంటే 12 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాయిదాలు చాలామంది మెడకు చుట్టుకున్నాయి. బ్యాంకులో అప్పు పుట్టనివాళ్లు మోటారుసైకిళ్ల మీద రోజువారీ వసూలుకు వచ్చే వడ్డీ వ్యాపారులను ఆశ్రయిస్తారు. వాళ్ల వడ్డీ నెలకు 20 శాతం దాకా ఉంటుంది. అప్పులన్నీ జల్సా కోసమేనని నీతులు చెప్పేవాళ్లు ఈ అంకె చూడాలి. ప్రభుత్వాలు ఒక చేత్తో కిడ్డీ బ్యాంకులు పంచుతూ, ఇంకో చేత్తో కొనండి కొనండి అని ప్రోత్సహించాయి.

సామాజిక భద్రత పింఛను లేని రైతులు, చిరువ్యాపారులు, కూలీల కోసం 2011 చట్టంతో జాతీయ పొదుపు నిధి ఏర్పడి, 2015లో పని మొదలుపెట్టింది. చేరినవాళ్లు అనుకున్నంత మంది లేరు. వృద్ధాప్య భత్యం వయసును బట్టి నెలకు 600 నుంచి 1,000 బాత్‌లు, పట్టణంలో కొన్ని రోజుల ఖర్చుకు కూడా చాలదు. దాంతో 2024లో ప్రభుత్వం మళ్లీ పాత మార్గమే పట్టి ‘పదవీ విరమణ లాటరీ’ ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం టికెట్ 50 బాత్‌లు, నెలకు 3,000 బాత్‌ల దాకా కొనవచ్చు, డ్రా ప్రతి శుక్రవారం, పెద్ద బహుమతి పది లక్షలు. తగిలినా తగలకపోయినా టికెట్లకు పెట్టిన సొమ్ము కొన్నవాడి పేరునే ఉంటుంది, 60 ఏళ్లు నిండాక తీసుకోవచ్చు.