ట్యాంక్ గేమ్ అసలు ఊరు ఏది? పాలమూరు టీవీల్లో జపాన్ క్యాసెట్లు

ఇవాళ టేబుల్ మీద రెండు క్యాసెట్లు పెట్టిన, చూడండి. మొదటిది మహబూబ్‌నగర్‌లో మా ఇంటి అటక మీద దొరికింది. పసుపు రంగు ప్లాస్టిక్, స్టిక్కర్ సగం చినిగిపోయింది, మిగిలిన సగం మీద ‘9999999 ఇన్ 1’ అని ఉంది. రెండోది మా బావ తెచ్చిండు. ఆయన టోక్యోలో ఉద్యోగం చేస్తడు, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడి పాత సామాన్ల దుకాణంలో కొనుక్కొచ్చిండు. దీని మీద జపాన్ అక్షరాలున్నయి. ఇప్పుడు రెండింటినీ తిరగేసి కింద పిన్నులు లెక్కపెట్టండి. ఒక వైపు ముప్పై, ఇంకో వైపు ముప్పై. దీనికీ అరవై, దానికీ అరవై.

కార్ట్రిడ్జ్ అనే మాట మాకు తెల్వదు. మాకు అది క్యాసెట్టే. మీలో చాలామంది దాన్ని చేత్తో పట్టుకొని కూడా ఉండరు. టీవీకి ఒక డబ్బా తగిలించి, డబ్బా నెత్తి మీద క్యాసెట్ గుచ్చితే గేమ్ వచ్చేది. రాకపోతే తీసి ఉఫ్ అని ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. (ఊదుడు వల్ల ఏం కాదు, నోటి తడికి పిన్నులు ఇంకా పాడైతయి. తీసి మళ్లీ పెట్టినందుకే అది పనిచేసేది. కానీ ఈ ముచ్చట 1998లో నాకు చెప్పినా నేను నమ్మేటోణ్ణి కాదు.)

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్ననంటే, హైదరాబాద్‌లో గేమ్స్ తయారుచేసే ఆఫీసులో పనిచేసే నా దోస్తు ఒకడు ఒక మాటన్నడు. “మనం చిన్నప్పుడు ఆడినవన్నీ డూప్లికేట్లు రా. అసలు గేమ్స్ అమెరికా పిల్లలు ఆడిన్రు, మనకు దొరికింది చెత్త.” ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. డూప్లికేట్ అనేది నిజమే, దాన్ని నేను కాదనను. మిగతా సగం మాత్రం తప్పు. ఎందుకు తప్పో ఈ అరవై పిన్నుల కాణ్ణుంచి చెప్తా.

1983 జులై 15న జపాన్‌లో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే మిషన్ విడుదల చేసింది. ధర 14,800 యెన్లు. దాన్ని డిజైన్ చేసిన బృందానికి పెద్ద మసయుకి ఉయెమురా. ఆయన 2021 డిసెంబర్‌లో కన్నుమూసిండు. ఎరుపు, తెలుపు రంగుల డబ్బా, పైనుంచి గుచ్చే క్యాసెట్, అరవై పిన్నులు. అన్నిటికంటే ముఖ్యమైనది, దానికి తాళం లేదు. క్యాసెట్ ఎవరు తయారుచేసిన్రు అని ఆ మిషన్ అడగదు, గుచ్చితే ఆడిస్తది.

రెండేళ్ల తర్వాత, 1985 అక్టోబర్‌లో అదే మిషన్ ఎన్ఇఎస్ అనే పేరుతో న్యూయార్క్‌లో దిగింది. అప్పటికి అమెరికాలో వీడియోగేమ్ వ్యాపారం కుప్పకూలి ఉంది. ఎవరు పడితే వాళ్లు పనికిరాని గేమ్స్ తెచ్చి మార్కెట్ నింపిన్రు, కొన్న జనం విసిగిపోయిన్రు. అందుకే నింటెండో ఈసారి తాళం వేసింది. మిషన్‌లో ఒక చిప్, క్యాసెట్‌లో దాని జోడీ చిప్. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టకపోతే గేమ్ నడవదు. పిన్నులు కూడా డెబ్బై రెండు చేసింది. అంటే అమెరికా పిల్లగాడు జపాన్ క్యాసెట్ తెచ్చుకున్నా నేరుగా ఆడుకోలేడు, మధ్యలో ఒక అడాప్టర్ ఉండాల్సిందే.

ఇక తైవాన్ సంగతి. అక్కడ యుఎంసి అనే చిప్‌ల కంపెనీ ఫామికామ్ లోపలి చిప్‌లకు నకళ్లు చేసింది. వాటితో రకరకాల పేర్లతో మిషన్లు పుట్టినయి. నకలు దేనికి తీసిన్రు? తాళం ఉన్న అమెరికా డబ్బాకు కాదు, తాళం లేని జపాన్ డబ్బాకు. మన దేశంలో సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో అమ్ముడుపోయినవి ఈ వంశానివే. రష్యాలో 1992 నుంచి డెండీ పేరుతో అమ్మిందీ ఇదే రకం. అట్లా మాస్కో పోరడికి, పాలమూరు పోరడికి ఒకే గేమ్స్ వచ్చినయి.

అసలుది కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. 1995లో సెగా కంపెనీ మెగా డ్రైవ్ మిషన్‌ను షా వాలెస్ ద్వారా ఇండియాలో అమ్మకానికి పెట్టింది. ధర 18,000 రూపాయలు. దిగుమతి సుంకమే 80 శాతం ఉన్న రోజులవి. కరువుకు ఊళ్లకు ఊళ్లు బొంబాయి, పుణె వలసపోయిన జిల్లా మాది. బొంబాయి బస్సు ఎక్కని ఇల్లు దొరకడం కష్టం. అక్కడ పద్దెనిమిది వేలు పెట్టి ఆటబొమ్మ ఎవరు కొంటరు? మా గల్లీకి మొదటి మిషన్ ఆ బొంబాయి బస్సులోనే, ఒక మేస్త్రి సంచిలో బట్టల మధ్య వచ్చింది. తర్వాత కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకున్నరు. క్లాక్ టవర్ దగ్గర ఒకాయన నాలుగు మిషన్లు పెట్టి గంట లెక్కన ఆడిపిచ్చేది.

ఇంకా అసలు ముచ్చట మిగిలే ఉంది. మనం ఆడిన గేమ్స్ ఏవి? మారియో, కాంట్రా అందరికీ తెలుసు. మా గల్లీలో వాటికంటే ఎక్కువ ఆడింది ట్యాంక్ గేమ్. ఇటుక గోడలు, నీళ్లు, చెట్లు, కింద మధ్యలో గద్ద. ఆ గద్దను కాపాడుకోవాలి, స్టేజికి ఇరవై శత్రు ట్యాంకులు, మొత్తం ముప్పై ఐదు స్టేజీలు. ఇద్దరు కలిసి ఆడొచ్చు. పొరపాటున మన గుండు పక్కోనికి తగిలితే వాడు కాసేపు కదలలేడు. మా అన్న అది పొరపాటున ఎన్నడూ చేయలేదు, కావాలనే చేసిండు. స్టేజి మనమే కట్టుకునే సౌకర్యం కూడా ఉండేది. గద్ద చుట్టూ ఇనుప గోడ కట్టి మురిసిపోయేవాళ్లం. కరెంటు పోతే ఆ కట్టిందంతా పోయేది.

ఆ గేమ్ పేరు బ్యాటిల్ సిటీ. నామ్కో కంపెనీ 1985లో ఫామికామ్ కోసం చేసింది. 1980లో వాళ్లే చేసిన ట్యాంక్ బెటాలియన్ దీనికి అన్న లాంటిది. ఇక ఒకటి చెప్తా, జాగ్రత్తగా వినండి. అమెరికా ఎన్ఇఎస్ మీద ఈ గేమ్ విడుదలే కాలేదు. నా దోస్తు చెప్పిన ‘అసలు గేమ్స్ ఆడిన’ పిల్లలకు ఈ గేమ్ అందనే లేదు. పిల్లి ఇంట్లో తలుపులు తీస్తూ ఎలుక పరుగెత్తే మాపీ, మంచు మీద పెంగ్విన్ ఉరికే అంటార్కిటిక్ అడ్వెంచర్, సింహం మీద కూర్చొని నిప్పు చక్రాల్లోంచి దూకే సర్కస్ చార్లీ, ఎఫ్1 రేస్. ఈ నాలుగూ కూడా ఆ అమెరికా మిషన్ మీదికి పోలేదు. జపాన్‌లో ఉన్నయి, మహబూబ్‌నగర్‌లో ఉన్నయి.

ఎట్లా కుదిరింది? ఎవరో ప్రేమతో ఏరికోరి మనకోసం పంపలేదు. కారణం సైజు. బ్యాటిల్ సిటీ మొత్తం 24 కిలోబైట్లు. బొమ్మలు, పాట, ముప్పై ఐదు స్టేజీలు అన్నీ కలిపి. పొద్దున మీ పెద్దనాయన వాట్సప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటే దానికి నాలుగైదింతలు ఉంటది. సూపర్ మారియో 40 కిలోబైట్లు. 1984 నుంచి 86 దాకా జపాన్‌లో వచ్చిన గేమ్స్ చాలా వరకు ఇంత చిన్నవి, వాటి క్యాసెట్‌లో వేరే చిప్‌లు కూడా అక్కర్లేదు. కాబట్టి నకలు చేసేవాడు ఒకే చిప్‌లో డజన్ల కొద్దీ కుక్కేసేవాడు. పైగా వాటిలో చదవాల్సిందేమీ లేదు. కథంతా జపాన్ భాషలో నడిచే పెద్ద గేమ్స్ ఈ క్యాసెట్లలో ఎక్కలేదు, ఎక్కినా మనకు ఎట్లా అర్థమైతది? ఇక తొంభై తొమ్మిది లక్షలు అన్నది శుద్ధ అబద్ధం. ఉన్నవి పదో ఇరవయ్యో. అదే గేమ్‌ను రెండో స్టేజి నుంచి మొదలుపెడితే ఇంకో గేమ్ కింద లెక్క.

నేను మా మిషన్ విప్పి చూసిన. లోపల రెండు పెద్ద చిప్‌లు, మీద యుఎంసి అని ఉంది, నంబర్లు యుఎ6527పి, యుఎ6538. ఇది తెలిసినంక ఆ తైవాన్ ఇంజినీర్ల మీద గౌరవం పెరిగింది. చెప్తా వినండి. జపాన్ టీవీ సెకనుకు 60 బొమ్మలు చూపిస్తది, మన టీవీ 50. గేమ్ ప్రోగ్రాం బొమ్మ బొమ్మకూ కొంత పని చేస్తది. నింటెండో తన యూరప్ మిషన్‌ను 50కి సర్దినప్పుడు ప్రాసెసర్ వేగం కూడా తగ్గించింది. జపాన్‌లో సెకనుకు 17.9 లక్షల టిక్కులు, యూరప్‌లో 16.6 లక్షలు. ఆ తేడాకు కొన్ని జపాన్ గేమ్స్ యూరప్ మిషన్‌లో తడబడతయి. యుఎంసి వాళ్లు మాత్రం 17.7 లక్షల దగ్గర పెట్టి, టీవీలో మిగిలే ఖాళీ సమయాన్ని బొమ్మ గీసుడు అయిపోయినంక ఊరికే గడిచిపోయేటట్టు సర్దిన్రు. ప్రోగ్రాంకు తాను జపాన్‌లోనే ఉన్నట్టు అనిపిస్తది. కంపెనీ అసలు మిషన్ కంటే డూప్లికేట్ మిషనే జపాన్ క్యాసెట్‌ను బాగా నడిపింది!

కానీ 50 అంటే 50యే. అక్కడ 60 సెకన్లు పట్టే పాట ఇక్కడ 72 సెకన్లు పడుతది. శ్రుతి దాదాపు అదే, నడక మాత్రం నెమ్మది. మీ అన్నలు, బాబాయిలు ఇప్పుడు ఫోన్‌లో ఇదే గేమ్ పెట్టుకొని “గింత స్పీడ్ ఉండేనా?” అంటరు చూడండి, వాళ్లకు వయసు మీదపడలేదు. వాళ్లు ఆడింది నిజంగానే నెమ్మది గేమ్.

ఇక బావ తెచ్చిన క్యాసెట్ పెడదాం. జపాన్ మిషన్ తెస్తే మన పాత టీవీకి కుదరదు. అక్కడి కరెంటు 100 వోల్టులు, రంగు పద్ధతి వేరు, ఛానెళ్ల ఫ్రీక్వెన్సీ వేరు. క్యాసెట్‌కు ఆ గొడవ లేదు. ఈ డబ్బా టీవీ మెకానిక్ దుకాణం నుంచి కిరాయికి తెచ్చిన. బాతుల గేమ్ తుపాకీ కూడా ఉంది, చివర్లో చూపిస్తా. అది పాత టీవీ మీదనే పనిచేస్తది. ట్రిగ్గర్ నొక్కంగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయ్యి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వస్తది, ఆ వెలుగును తుపాకీలోని కన్ను పట్టుకోవాలి. ఎల్ఇడి టీవీ ఆ బొమ్మను ఆలస్యంగా చూపిస్తది, తుపాకీకి అందదు.

గుచ్చిన. పవర్ ఆన్.

వచ్చింది. అదే ఇటుకల అక్షరాలు, అదే పాట, అదే నెమ్మది నడక. కింద చూడండి, నామ్కో అని ఉంది. ఇప్పుడు పసుపు క్యాసెట్ పెడుతున్న. అదే గేమ్, అదే తెర. కింద ఆ గీత ఖాళీ. నకలు చేసినోడు పేరు చెరిపేసిండు. కొందరైతే ఇంకా ముందుకుపోయి, నీళ్లు దాటే పడవ లాంటివి కలిపి, ట్యాంక్ 1990 అని కొత్త పేరు పెట్టి అమ్మిన్రు.

నా దోస్తు ‘డూప్లికేట్’ అన్న మాటలో నాకు గుచ్చుకోవాల్సింది ఇది. గేమ్ మాకు పూర్తిగా అందింది. దాన్ని చేసినోళ్లకు మా గంట పైసల్లో ఒక్క రూపాయి పోలేదు, పేరు కూడా మిగల్లేదు. పదేళ్లు ఆడిన ఆట ఎవరు చేసిన్రో నాకు ముప్పై ఏళ్లు దాటినంక తెలిసింది. మా అన్నకు నిన్న ఫోన్ చేసి చెప్తే, “జపానోళ్లదా? నేను సమురాయ్ కంపెనీదే అనుకున్న” అన్నడు.

మీ ఇంట్ల అటక మీద ఇట్లాంటి క్యాసెట్ ఉంటే పారేయకండి. ఊదకండి కూడా. శానిటైజర్ వద్దు, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది పిన్నులు మెల్లగా తుడవండి, ఆరనియ్యండి, అప్పుడు గుచ్చండి. మెనూ వచ్చినంక ఏ గేమ్స్ ఉన్నయో ఫోన్‌లో వీడియో తీసుకోండి. సరే, ఇప్పుడు తుపాకీ పట్టుకుంటున్న. అన్న లేడు కాబట్టి ఈసారి బాతులన్నీ నావే.