గండిలో గాలి: పందెపు కారు రూపకథ

గండి అనే మాటకు అర్థం తెలుసుకొనడానికి మా కడప జిల్లావారు నిఘంటువు తెరువవలసిన పని లేదు. జమ్మలమడుగు దగ్గర పెన్నేరు ఎర్రమల కొండలను చీల్చుకొని పారే ఇరుకు గండికోటకు పేరిచ్చింది. పులివెందుల వైపువారు శ్రావణమాసంలో దర్శించే గండి క్షేత్రం, పాపఘ్ని పాలకొండలను కోసుకొని వచ్చే చోట వెలసింది. అది వాయుదేవుడు తపస్సు చేసిన స్థలమని స్థలపురాణం. వెడల్పుగా పారే నీరు ఇరుకులో ప్రవేశిస్తే వేగం పెంచుకొనక తప్పదు. గాలికీ అదే న్యాయం. నేటి పందెపు కారు కథ అంతా ఆ న్యాయంలోనే ఉన్నది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, మన దేశంలో మొట్టమొదటి ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ పందెం చూచి వచ్చిన నా ప్రొద్దుటూరు శిష్యుడొకడు, "అయ్యవారూ, ఎగరని బండికి రెక్కలెందుకు?" అని అడిగాడు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికిన నాకు ఆ ప్రశ్న నచ్చింది. దొరికినవి చదివి గ్రహించినది ఇక్కడ వ్రాస్తున్నాను.

వేగం పెరిగిన చోట ప్రవాహపు పీడనం తగ్గుతుందని డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించాడు. విమానపు రెక్క ఈ సూత్రంతోనే పైకి లేస్తుంది. దానిని తలక్రిందులు చేసి బిగిస్తే బండిని నేలకు నొక్కుతుంది. బరువు పెంచినా చక్రాలకు పట్టు పెరుగుతుంది గాని, మలుపులో ఆ బరువే బండిని బయటికి లాగుతుంది. గాలి నొక్కుడుకు ఆ దోషం లేదు. కనుక పందెపు కారు సూదిలా గాలిని చీల్చితే చాలదు, గాలిచేత తనను నొక్కించుకోవాలి.

1928లోనే జర్మనీలో ఓపెల్ రాకెట్టు కారుకు ఇటువంటి రెక్కలు అమర్చారు. 1966లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరాల్ కారుపై ఎత్తైన రెక్క నిలిపాడు. 1968లో అవి ఫార్ములా-1కు వచ్చాయి. మరుసటి యేడు స్పెయిన్ పందెంలో గ్రాహం హిల్, యోకెన్ రింట్‌ల లోటస్ కార్ల రెక్కలు విరిగి, రెండు కార్లూ ఘోరంగా గుద్దుకొన్నాయి. రెక్కలు వద్దని రింట్ బహిరంగ లేఖ వ్రాశాడు. ఎత్తు రెక్కలను వెంటనే నిషేధించారు.

అప్పుడు మేధావుల చూపు కారు అడుగుకు మళ్ళింది. కొలిన్ చాప్‌మన్ బృందం లోటస్ కారు అడుగున గండి వంటి సొరంగాలు తీర్చింది. ఇరుకులో గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, కారు నేలకు అతుక్కొన్నది. 1978లో మారియో ఆండ్రెట్టి ఆ కారుతోనే జగజ్జేత అయ్యాడు. అయితే ప్రక్కల గాలిని ఆపే అంచు ఒకచోట ఎత్తుకొంటే పట్టు క్షణంలో మాయమయ్యేది. 1983 నుండి అడుగు చదునుగా ఉండాలని శాసించారు.

మరొక చిక్కు మిగిలింది. ముందు కారు చిందరవందర చేసి వదలిన గాలి తిన్నని దారిలో వెనుకవానికి మేలే, ఎదురుగాలి తగ్గుతుంది. మలుపులో మాత్రం పట్టు పోతుంది. 1999 లెమాన్స్ పందెంలో మరొక కారు వెనుక పోతున్న పీటర్ డంబ్రెక్ మెర్సిడెస్ ముక్కు క్రిందికి గాలి చొరబడి, కారు గాలిలో లేచి చెట్లలో పడింది. అదృష్టవశాత్తు అతడు బ్రతికాడు.

పాత ఫార్ములా-1 కారు, ముందు కారుకు 20 మీటర్ల దూరంలో తన నొక్కుడులో 35 శాతం కోల్పోయేదని లెక్కించారు. 2022 నియమాలతో అడుగు సొరంగాలు తిరిగి వచ్చాయి. ఆ నష్టాన్ని 4 శాతానికి దించడం వాటి లక్ష్యం. 2026 నియమాలు సొరంగాలను తగ్గించి, పరుగులోనే కోణం మార్చుకొనే రెక్కలు తెచ్చాయి.

ఈ చరిత్రలో నన్ను ఆకట్టుకొన్నది వేగం కాదు. తొలుత ప్రతివాడూ తన కారుకు దక్కే గాలినే చూచుకొన్నాడు. వెనుక వచ్చేవాడికి ఎటువంటి గాలి వదలుతున్నామో అడగడానికి దశాబ్దాలు పట్టింది. ఆ ప్రశ్నను నియమంగా వ్రాసిన పిమ్మటనే కార్ల రూపం అందుకు తగినట్లు మారింది.