పద్నాలుగింట ఒక సీటు

1950లో రొళ్ల గ్రామం మద్రాసు రాష్ట్రపు అనంతపురం జిల్లాలో ఉండేది. ఇంజనీరింగు చదవదలచిన వారికి ఆ రాష్ట్రంలో నాలుగు ప్రభుత్వ కళాశాలలుండేవి. అందులో ఒకటి అనంతపురంలోనే. నాలుగింటా కలిపి 395 సీట్లు. వాటిని ‘కమ్యూనల్ జీవో’ ప్రకారం పంచేవారు. ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి ఒకటి, ముస్లింలకు ఒకటి.

చంపకం దొరైరాజన్, సి.ఆర్. శ్రీనివాసన్ అనే ఇద్దరు ఈ పద్ధతిని సవాలు చేశారు. (చంపకం వైద్య కళాశాలకు అసలు దరఖాస్తే పెట్టుకోలేదన్న సంగతి తర్వాత సుప్రీంకోర్టులో బయటపడింది!) కేవలం మతం, కులం కారణంగా ప్రభుత్వ విద్యాసంస్థలో ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణం చెబుతున్నది. 1951 ఏప్రిల్ 9న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ ఉత్తర్వు చెల్లదన్నారు. ముస్లింల ఒక్క సీటూ దానితో పోయింది.

ఎవరూ ఎన్నుకోని న్యాయమూర్తులకు ఇంత అధికారం దేనికి? హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదని 13వ అధికరణంలో రాసినవారు ప్రజాప్రతినిధులే. మెజారిటీ దయపై నిలిచేది హక్కు కాదని వారెరుగుదురు. అయినా న్యాయమూర్తి మాటే చివరి మాట కాలేదు. అదే జూన్‌లో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక సదుపాయాలు కల్పించవచ్చునంటూ 15(4) చేర్చింది. నిజానికి ఆ పార్లమెంటు కూడా సార్వత్రిక ఎన్నికలలో వచ్చినది కాదు. ఆ ఎన్నికలు కొన్ని నెలల తర్వాత గాని మొదలు కాలేదు.

2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లింలలోని కొన్ని వర్గాలకు 4 శాతం రిజర్వేషను కల్పించింది. వెనుకబాటును నిర్ధారించిన సర్వే శాస్త్రీయంగా లేదంటూ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దానిని నిలిపి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.

రెండుసార్లు దెబ్బతిన్న సమాజానికి న్యాయస్థానం అడ్డుగోడగా తోచడం సహజమే. కాని 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడినుంచి వెళ్లగొట్టారు. వారు యెహోవా సాక్షులు. జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడేవారు. తమ మతవిశ్వాసం ఒప్పనందున పాడేవారు కాదు. ఆ విషయం శాసనసభలోనూ వచ్చింది. అక్కడ వారి పక్షాన ఎన్ని ఓట్లు పడి ఉండేవి? 1986 ఆగస్టులో తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి తీర్పు చెబుతూ, అత్యల్ప సంఖ్యాకులకు సైతం రాజ్యాంగంలో చోటు దొరకడమే ప్రజాస్వామ్యానికి పరీక్ష అన్నారు. పిల్లలను తిరిగి చేర్చుకోవలసిందిగా ఆదేశించారు.